నవలలో ఇద్దరి స్నేహం, ఎదిగేది మాత్రం ఒక్కరే – మూడో డ్రాఫ్టులో ఇరుక్కుపోయాను

మూడోడ్రాఫ్టు
22 అధ్యాయాలు, సుమారు 85 వేల మాటల నవల. జరిగేది పాతగుంటూరులో. రిటైరైన సంస్కృతం మాస్టారు విశ్వనాథం, 68 ఏళ్లు. ఆయన ఇంటి వెనక ఉన్న రేకుల షెడ్డుని హైదరాబాదులో ఉన్న కొడుకు మిర్చి వ్యాపారికి అద్దెకిచ్చాడు. సీజన్లో పాతికమంది ఆడవాళ్లు అక్కడ కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తారు. వాళ్లలో ఒకమ్మాయి మస్తాన్‌బీ, 26. మూడో అధ్యాయంలో ఘాటుకి తట్టుకోలేక మాస్టారు షెడ్డు మీదికి పోట్లాటకి వెళ్తాడు. తొమ్మిదో అధ్యాయానికల్లా ఇద్దరూ స్నేహితులు. ఆయన ఆమెకి చదువు నేర్పుతాడు. పద్నాలుగులో ఆయనకి ఒంట్లో బాగోకపోతే ఆమె ఆస్పత్రికి తీసుకెళ్తుంది. చివర్లో ఒక సభలో ఆయన ఆమె గురించి మాట్లాడతాడు.

చదివిన ముగ్గురిదీ ఒకటే మాట. మాస్టారు మారాడు, ఆ అమ్మాయి మొదటి పేజీలో ఎలా ఉందో ఆఖరి పేజీలోనూ అలాగే ఉంది అని. ఒకరైతే "ఆమె మనిషి కాదు, ఆయన చేతికర్ర" అన్నారు. ఈ నవల మొదలెట్టిందే ఆమె కోసం. ఎక్కడ పట్టుకుని సరిచెయ్యాలి?

ఎర్రసిరా
మాస్టారుతో ఏ సంబంధమూ లేని పని ఆమెకి నవల మొత్తంలో ఎన్ని చోట్ల ఉంది?

మూడోడ్రాఫ్టు
వాళ్లమ్మతో ఒక సీను ఉంది. అంతే.

ఎర్రసిరా
జబ్బు అక్కడే. ప్రింటు తీసి రెండు రంగుల పెన్సిళ్లు పట్టుకోండి. ఇద్దరూ కలిసి ఉన్న ప్రతి సీనులో ఎవరు ఏదైనా కావాలనుకుని అడిగినా, ఎదురుచెప్పినా, దాచినా వాళ్ల రంగుతో గీత పెట్టండి. ఆయనకి నీలం, ఆమెకి ఎరుపు. అవతలి మనిషిని ఓదార్చడానికో, మెచ్చుకోవడానికో, వినడానికో ఉన్న మాటలకి గీత వద్దు. పేజీలు తిరగేస్తే తెలిసిపోతుంది. ఇలాంటి డ్రాఫ్టుల్లో నీలం గీతలు నిండుగా, ఎరుపు అక్కడక్కడా ఉంటాయి.

తర్వాత స్నేహం నడిచే సీన్లు మాత్రం విడిగా రాసుకోండి. 22 అధ్యాయాల నవలకి ఆరో ఏడో చాలు. ఒక్కోదాని పక్కన నాలుగు ముక్కలు: ఆయనకి ఏం కావాలి, ఆమెకి ఏం కావాలి, ఎవరు ఏం పోగొట్టుకున్నారు, ఎవరు ఏం చెప్పకుండా మింగేశారు. ఆమెకి ఏం కావాలన్న చోట "మాస్టారు బాగుండాలి" అని రాయాల్సొస్తే ఆ సీను కొట్టెయ్యండి, లేదా మొదటినుంచి రాయండి.

బందరు_బాతాఖానీ
మిరపకాయ పక్కన సంస్కృతం మాస్టారు. ఇద్దరిలో ఘాటు ఎవరిదో తేలాలంటే నేను చదవాల్సిందే.

చుక్కలముగ్గు
ఒకే ఒక్క ప్రశ్న. మూడు నుంచి తొమ్మిదిలోపు ఆయన ఆమెకి మంచినీళ్లు ఇచ్చే సందర్భం ఉందా? ఉంటే ఎందులో ఇచ్చాడు?

మూడోడ్రాఫ్టు
అయిదో అధ్యాయంలో ఉంది. "గ్లాసుతో నీళ్లిచ్చాడు" అని రాశాను.

చుక్కలముగ్గు
ఏ గ్లాసు? ఆ వయసు మాస్టారి ఇంట్లో షెడ్డులో పనిచేసే ముస్లిం అమ్మాయికి నీళ్లంటే గ్లాసు దగ్గర ఒక క్షణం చెయ్యి ఆగుతుంది. వసారా కిటికీ గట్టుమీద విడిగా ఒక స్టీలు గ్లాసు పెడతాడు. తను తప్పు చేస్తున్నానని కూడా అనుకోడు, "బయట అందుబాటులో ఉంటుందమ్మా" అంటాడు. ఆమెకి మొదటిరోజే అర్థమవుతుంది, ఏమీ అనదు. మర్నాటినుంచి తన సీసా తనే తెచ్చుకుంటుంది. ఎన్ని అధ్యాయాలు గడిచినా ఆ గ్లాసు ముట్టుకోదు.

మీ నవలలో స్నేహం కుదిరిందో లేదో చెప్పాల్సింది ఆ గ్లాసు. పదహారులోనో పదిహేడులోనో అది వంటింటి గూట్లోకి వెళ్లి మిగతా వాటిలో కలిసిపోవాలి. ఎవరూ దానిమీద ఒక్క మాట మాట్లాడకూడదు. మీరు ఆ గ్లాసుని దాటేశారు కాబట్టే తొమ్మిదికల్లా స్నేహం అయిపోయింది. వాళ్ల మధ్య ఉన్న అడ్డాన్ని పేజీమీద పెట్టకుండా ఇద్దర్నీ కలిపేస్తే దాటడానికి ఏమీ మిగలదు.

మూడోడ్రాఫ్టు
నేను నిజంగా దాటేశాను. రాసేటప్పుడు చెయ్యి ఆగింది, "గ్లాసుతో" అని సరిపెట్టేశాను.

తెడ్డు
దీనికి అచ్చమైన నమూనా మార్క్ ట్వేన్ నవల హకల్‌బెరీ ఫిన్. నండూరి రామమోహనరావు అనువాదం చదివినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. ఇల్లొదిలి పారిపోయిన తెల్ల కుర్రాడు హక్, యజమానురాలి దగ్గర్నించి పారిపోయిన బానిస జిమ్, మిసిసిపీ నదిమీద ఒక తెప్ప. మొత్తం 43 అధ్యాయాల్లో స్నేహం మలుపు తిరిగేది మూడు చోట్ల: 15, 16, 31.

15లో పొగమంచులో ఇద్దరూ విడిపోతారు. హక్ తిరిగొచ్చి, అసలు పొగమంచే లేదు, నువ్వు కలగన్నావ్ అని జిమ్‌ని నమ్మిస్తాడు. జిమ్ తెప్పమీద పడున్న ఆకులూ చెత్తా, విరిగిన తెడ్డూ చూస్తాడు. అప్పుడు అర్థమవుతుంది. నువ్వు పోయావని నా గుండె పగిలింది, నీకేమో నన్ను వెర్రివాణ్ణి చెయ్యడమే కావాల్సొచ్చింది, స్నేహితుడి నెత్తిన మట్టి పోసేవాళ్లే చెత్త అన్న అర్థం వచ్చేలా మాట్లాడి లోపలికి వెళ్లిపోతాడు. లేచి వెళ్లి క్షమాపణ అడగడానికి తనకి పావుగంట పట్టిందని హక్ చెబుతాడు. ఆ పావుగంటే ఎదుగుదల. "నేను మారాను" అన్న మాట ఎక్కడా లేదు.

16లో జిమ్‌ని పట్టించేద్దామని చిన్న పడవలో బయల్దేరతాడు. తుపాకులతో ఇద్దరు ఎదురవుతారు. నోరు తెరిచేసరికి నిజం బయటికి రాదు. తెప్పమీద మశూచి ఉందని వాళ్లకి అనిపించేలా మాట్లాడి దగ్గరికి రానివ్వడు. 31లో జిమ్ ఎక్కడున్నాడో యజమానురాలికి రాసిన ఉత్తరం చించేస్తాడు, నరకానికి పోయినా సరే అనుకుని.

ఒకటి గమనించండి. 16లో జిమ్ పక్కన లేడు. 31లో అసలే లేడు, అప్పటికే అమ్మేశారు. స్నేహితుడు చూస్తుండగా చేసిన మంచి మొహమాటానికైనా కావచ్చు, మెప్పుకైనా కావచ్చు. అతను లేనప్పుడు చేసింది చూస్తేనే మనిషి మారాడో లేదో తెలిసేది. మీ మాస్టారు మారినట్టు చూపించింది సభలో, అదీ ఆమె ముందు.

మూడోడ్రాఫ్టు
అవును. ముందు వరసలో కూర్చోబెట్టాను కూడా.

కరీంనగర్_కలం
తెడ్డు గారు చెప్పినదాంట్ల సగమే ఒప్పుకుంట. హక్ మారిండు సరే. మరి అతని దోస్తు టామ్ సాయర్ వచ్చినంక ఏమైంది? జిమ్‌ను గుడిసెల బంధించి ఉంచితె, వీళ్లిద్దరు తప్పించుడు ఆట మొదలుపెడుతరు. సక్కగ విడిపించే దారి ఉన్నా ఎలుకలు, పాములు, సాలీళ్లు పట్టుకొచ్చి ఆ గుడిసెల వదుల్తరు. యజమానురాలు వీలునామల జిమ్‌ను అప్పటికే విడుదల చేసిందని టామ్‌కు ఎరుకే, చెప్పడు. హక్ దానికి తలూపుకుంట తిరుగుతడు. 31ల చించిన ఉత్తరం విలువ ఆఖరి పది అధ్యాయాలల్ల సగమైపోయింది. జిమ్ మల్ల ఆటవస్తువే అయిండు. మూడోడ్రాఫ్టు గారి నవలల ఉన్న తప్పు గదే కద.

అందుకే పెర్సివల్ ఎవరెట్ 2024ల 'జేమ్స్' అని అదే కథను జిమ్ నోటితోని చెప్పిండు. 2025ల పులిట్జర్ బహుమతి వచ్చింది దానికి. అండ్ల బానిసలు తెల్లోళ్ల ముందర ఒక భాష మాట్లాడుతరు, తమలో తాము వేరే భాష. ముందరి భాష ఎట్ల మాట్లాడాలె అని పిల్లలకు పాఠం చెప్తరు, ప్రాణం కాపాడుకునుడు కోసం.

మస్తాన్‌బీ మాస్టారుతోని ఎట్ల మాట్లాడుతది, షెడ్డుల ఆడోళ్లతోని ఎట్ల మాట్లాడుతది? రెండు ఒక్క తీరుగ ఉంటె ఆమె మనకింక తెల్వనట్టే.

మూడోడ్రాఫ్టు
రెండు చోట్లా ఒకే తెలుగు రాశాను. షెడ్డులో తోటివాళ్లతో ఉర్దూ కలిసిన మాట రావాలి కదా.

కరీంనగర్_కలం
ఆ. మల్ల ఆయన గురించి వాళ్లు నవ్వుకునే మాటలు గూడ రావాలె. ఆయనకు ఏదో పేరు పెట్టి ఉంటరు.

అచ్చుతప్పు
ఇంకొకటి, మనలాంటి భాషల్లో ఇట్టే దొరికిపోయే తప్పు. కథకుడు మాస్టారిని ఏమంటున్నాడు? మొదటి పోస్టులో మీరే "ఆయన" అనీ, "మారాడు, వెళ్తాడు" అనీ కలిపి రాశారు. నవలలో కూడా కొన్ని పేజీల్లో "మాస్టారు చెప్పారు", కొన్నిట్లో "చెప్పాడు" ఉండే ఉంటుంది, వెతకండి. ఆడవాళ్లకి మామూలుగా "చెప్పింది" అనే రాస్తాం. మీ కథకుడు మాస్టారికి "రు" తగిలించిన ప్రతిచోటా ఆమెకంటే ఒక మెట్టు పైన కూర్చోబెడుతున్నాడు. పాత్రలు ఒకళ్లనొకళ్లు ఎలాగైనా పిలుచుకోనివ్వండి, కథకుడు మాత్రం ఇద్దరినీ ఒకే ఎత్తులో ఉంచాలి. "విశ్వనాథం చెప్పాడు, మస్తాన్‌బీ చెప్పింది" చాలు.

పిలుపులు మారే చోట్లు కూడా ముందే అనుకోండి. ఆమె "సార్" అంటుందా, "మాస్టారూ" అంటుందా? ఆయన "ఏమ్మాయ్" నుంచి పేరు పెట్టి పిలవడానికి ఏ అధ్యాయంలో వస్తాడు? మనకి ఒక పిలుపు మారిందంటే అరపేజీ వర్ణన మిగిలినట్టే. కానీ చివర్లో ఆమెచేత "నాన్నా" అనిపించకండి. స్నేహితులుగా మొదలైనవాళ్లని ఆఖర్న తండ్రీకూతుళ్లని చేసేస్తే, స్నేహం ఆడామగల మధ్య ఒప్పదన్నట్టు మనమే చేతులెత్తేసినట్టు.

మూడోడ్రాఫ్టు
21వ అధ్యాయంలో "నాన్న లాంటోరు" అంటుంది. తీసేస్తున్నాను.

పాతపుస్తకాలషాపు
తెడ్డు చెప్పిన "పక్కన లేనప్పుడు" అన్న సూత్రం హక్‌కంటే చాలా పాతది. సెర్వాంటిస్ నవల డాన్ క్విహోటే మొదటి భాగం 1605, రెండోది 1615. పుస్తకాల పిచ్చితో వీరుణ్ణనుకునే పెద్దమనిషి, చదువురాని రైతు సాంచో. సాంచో చేరేది మొదటి భాగం ఏడో అధ్యాయంలో, ఒక దీవికి నిన్ను గవర్నర్ని చేస్తానన్న ఆశ చూపిస్తే. అంటే సాంచోకి మొదటి రోజునుంచీ తన లెక్క తనకుంది. ఎర్రసిరా అడిగింది ఇదే.

రెండో భాగంలో ఒక డ్యూకు దంపతులు ఆటపట్టించడానికి నిజంగానే అతన్ని ఒక ఊరికి గవర్నర్ని చేస్తారు. పంపేముందు క్విహోటే ఎలా పాలించాలో చెబుతాడు. 45వ అధ్యాయంలో సాంచో ఒంటరిగా తీర్పులివ్వాలి. ఒక ముసలాయన పది బంగారు నాణేల అప్పు తీర్చేశానని ఒట్టేస్తాడు. ఒట్టేసేటప్పుడు చేతికర్రని అప్పిచ్చినాయనకి పట్టుకోమని ఇచ్చి, అయ్యాక తీసుకుంటాడు. సాంచో ఒక్క నిమిషం ఆలోచించి కర్ర విరగ్గొట్టమంటాడు. నాణేలు అందులో ఉంటాయి.

తెలివంతా పల్లెటూరివాడిదే. కానీ కుర్చీలో కూర్చుని న్యాయం చెప్పాలన్న పట్టుదల ఎక్కడిదంటే పిచ్చి దొరది. ఆఖరి అధ్యాయంలో క్విహోటేకి పిచ్చి వదిలి మంచమ్మీద ఉంటే, లే, గొర్రెల కాపరుల్లా పొలాల్లోకి పోదామని బతిమాలేది సాంచో. ఒకరి కల ఇంకొకరికి మారిపోయింది. ఎదగడమంటే ఇద్దరూ మంచివాళ్లు అయిపోవడమే కానక్కర్లేదు, ఒకరి సరుకు ఇంకొకరి సంచిలోకి మారడం కూడా.

ఆమె దగ్గర ఏ సరుకుంది, ఆయన సంచిలో ఏం పడింది? చదువు నేర్పడం అంటున్నారు, అది ఆయన సరుకే కదా, ఒకవైపే పోతోంది.

చుక్కలముగ్గు
ఇది నేను అడగబోయాను. తొడిమలు తీసేవాళ్లకి లెక్క రాదని ఎవరు చెప్పారు? కూలి కిలోల మీద. గంప కాటాకి వెళ్లిన ప్రతిసారీ మేస్త్రీ పుస్తకంలో గీత పెడతాడు. గీత తగ్గితే కూలి తగ్గింది. చదువు లేనివాళ్లు కొంగుకి ముడి వేసుకుంటారు, గోడమీద బొగ్గుతో గీస్తారు, గింజలు దాచుకుంటారు. ఏదో ఒక లెక్క ఉంటుంది. మాస్టారు పలకా బలపం పట్టుకుని వెళ్లేసరికి ఆమెకి తన లెక్క ఉండనివ్వండి. అక్కడ ఆయన పెద్దరికానికి మొదటి దెబ్బ.

ఆయనకి రాని విద్యలు కూడా చూపించండి. ఎండిన కాయ ఊపితే లోపల గింజలు గలగలమంటాయి, చెమ్మ ఉంటే అనవు. తాలుకాయ రంగు వెలిసి ఉంటుంది, ఆమె వేళ్లు చూడకుండానే ఏరేస్తాయి. ఆయన చేస్తే పావుగంటలో వేళ్లు మండి, కళ్లు తుడుచుకుని ఇంకా పాడుచేసుకుంటాడు. ఆమె నవ్వదు, "నీళ్లు పొయ్యొద్దు, ముందు వేళ్లకి కొబ్బరినూనె రాయండి" అంటుంది. ఎవరు గురువో ఆ పేజీలో తిరగబడాలి.

బందరు_బాతాఖానీ
ఆ చేత్తో కళ్లద్దాలు తీశాడంటే ఆ అధ్యాయం ఇంక మాటలతో పనిలేదు.

వానాకాలం
"స్నేహితుడు లేనప్పుడే పరీక్ష" అన్నదాన్ని మరీ శాసనం చెయ్యకండి. టాగోర్ కాబూలీవాలా (1892) చూడండి. కథే, నవల కాదు, కానీ పెద్దవాడూ చిన్నపిల్లా అన్న స్నేహానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు. కాబూలీ వ్యాపారి రహమత్ జైలునుంచి వచ్చేసరికి అతని చిన్నారి స్నేహితురాలు మినీకి పెళ్లి, ఆమెకి అతను గుర్తే లేడు. స్నేహం చేసిన ఇద్దరిలో ఎవరూ ఎదగలేదు. మారింది పక్కనుండి చూసిన మినీ తండ్రి. రహమత్ ఎదుటే నిలబడున్నాడు. తండ్రి డబ్బు తీసి, నీ కూతురి దగ్గరికి వెళ్లమని రహమత్‌కి ఇస్తాడు. దానికోసం పెళ్లిలో కరెంటు దీపాలు, బ్యాండు మానుకోవాల్సొస్తుంది. ఇంట్లో ఆడవాళ్లు నొచ్చుకుంటారు కూడా.

అంచేత అతను ఉన్నాడా లేడా అన్నదానికంటే ఏం వదులుకున్నారన్నది ముఖ్యం.

తెడ్డు
ఖర్చు గురించి మీతో ఏకీభవిస్తాను. అయితే అక్కడ కూడా మినీ గదిలోంచి వెళ్లిపోయాకే తండ్రి ఆ డబ్బు తీస్తాడు. మొదటి డ్రాఫ్టు దాటినవాళ్లకి ఈ సూత్రం పనికొస్తుందనే నా నమ్మకం, ఎందుకంటే మన నవలల్లో సభలూ కన్నీళ్లూ ఎక్కువ.

కరీంనగర్_కలం
స్నేహితుడు లేకుండ పోవుడు అంటె చంపెయ్యుడు అనుకునేటోళ్లు గూడ ఉంటరు, జాగ్రత్త. 17ల మస్తాన్‌బీని చంపి, 18నుంచి మాస్టారు మారుడు అంటె నేనైతె పుస్తకం పక్కన పెడత.

పాతపుస్తకాలషాపు
మరి మాలపల్లి? ఉన్నవ లక్ష్మీనారాయణ, 1922. మాలల కుర్రాడు సంగదాసు, ఆసామి చౌదరయ్య కొడుకు రామానాయుడు స్నేహితులు. చౌదరయ్య కొట్టిన దెబ్బకి సంగదాసు చచ్చిపోతాడు. నవల రెండో పేరే 'సంగవిజయం'.

కరీంనగర్_కలం
అక్కడ లెక్క వేరే. సంగదాసుకు తన ఇల్లుంది, తండ్రి రామదాసు ఉన్నడు, అన్న వెంకటదాసు ఉన్నడు, కూలి రేటు మీద తన మాట తనకుంది. రామానాయుడు లేకున్నా అతనిది నిండు జీవితమే. చంపింది గూడ స్నేహితుని తండ్రే, అంటె ఆ చావు ఎవర్నో మార్చుటానికి పైనుంచి వచ్చి పడలె, ఇద్దరి మధ్యల ఉన్న గోడలకెంచే వచ్చింది. అన్న వెంకటదాసు దారి మొత్తం దాంతోనే మారుతది. ఒక్క స్నేహితుని కోసం జరిగిన చావు గాదు.

పాతపుస్తకాలషాపు
ఒప్పుకున్నాను. "గోడలోంచి వచ్చిన చావు" బాగా చెప్పారు.

ఎర్రసిరా
ఇంక తగాదా సంగతి. ఇద్దరూ విడిపోయే అధ్యాయం ఎక్కడుంది? దేనిమీద?

మూడోడ్రాఫ్టు
పన్నెండులో. ఆయన పర్సు కనిపించదు, ఆమెని అనుమానిస్తాడు. తర్వాత మంచం కింద దొరుకుతుంది.

ఎర్రసిరా
తీసెయ్యండి. మంచం కింద చూస్తే తీరిపోయే గొడవ తగాదా కాదు. పైగా దొంగతనం అనుమానం ఆమెని మళ్లీ అమాయకురాల్ని చేసి కూర్చోబెడుతుంది. ఇద్దరి మాటా న్యాయమే అయి, ఒకేసారి చెల్లకపోవాలి. మీ డ్రాఫ్టులో దానికి సరుకు సిద్ధంగానే ఉంది: షెడ్డు అద్దె. మేస్త్రీ గీతలు తగ్గిస్తున్నాడని ఆమెకి తెలుసు. కొంగు ముడులు మేస్త్రీ ఒప్పుకోడు. చదువుకున్నవాడు ఒకడు పక్కన నిలబడి "నేనూ లెక్కపెట్టాను" అనాలి. ఆమె అడిగేది చదువు కాదు, సాక్ష్యం. ఆయన నిలబడితే వ్యాపారి షెడ్డు ఖాళీ చేస్తాడు, అద్దె పోతుంది, కొడుకుతో మాట వస్తుంది. ఆయన కాదంటాడు. మర్యాదగా, కారణాలు చెప్పి కాదంటాడు. ఆమె మర్నాడు వసారా ఎక్కదు.

అక్కణ్ణించి పరీక్ష తెడ్డు చెప్పినట్టు. ఆమెని పనిలోంచి తీసేశాక, ఇంకో ముసలమ్మ గంప కాటాకి వెళ్తే ఆయన కుర్చీ లాక్కుని కాటా పక్కన కూర్చుంటాడు. ఆమెకి ఆ సంగతి చాలా రోజులకి గానీ తెలియదు.

ఆమె తప్పు కూడా ఒకటి పెట్టండి. ఆమె ముడుల లెక్క తోటివాళ్లెవరికీ చెప్పదు, ఎవర్నీ నమ్మదు, తనది తను చూసుకుంటుంది. ఆయన కాదన్నాక ఆమెకి కోపంతోపాటు ఇంకోటి కూడా తట్టాలి: పాతికమందిలో తను ఎవరికీ సాక్ష్యం చెప్పలేదని. కొత్తగా చేరిన చోట పక్కనున్న అమ్మాయికి ముడి వెయ్యడం నేర్పుతుంది. అది మాస్టారు లేనిచోట ఆమె పరీక్ష. రెండూ ఒకే అధ్యాయంలో పక్కపక్కన పెట్టకండి, 16లో ఒకటి, 19లో ఒకటి. పాఠకుడే కలుపుకుంటాడు.

వానాకాలం
గ్లాసు గూట్లోకి వెళ్లేది ఈ రెంటి మధ్య అయితే బాగుంటుంది, ఆమె రావడం మానేశాక. ఇంక వాడేవాళ్లు లేని గ్లాసుని ఆయన మిగతా వాటిలో కలుపుతాడు.

మూడోడ్రాఫ్టు
రెండు రోజులు కూర్చుని పదకొండో అధ్యాయంలో ఈ ముక్క మార్చాను. చూడండి:

*మస్తాన్‌బీ కొంగు చివర పట్టుకుని అతని ముందు పెట్టింది. ముడులు చిన్నవి, గట్టివి. విశ్వనాథం వేలితో తడిమాడు. ఒకటి, రెండు... అయిదు.*
*"మేస్త్రీ పుస్తకంలో ఎన్ని?"*
*"నాలుగు."*
*"ఇవాళ్టివేనా?"*
*ఆమె అతని మొహంలోకి చూసింది. "నిన్నటివి రాత్రే విప్పేశాను మాస్టారూ. ఉంచుకుంటే నిన్నటి కోపం కూడా ఉంటది."*
*షెడ్డులోంచి కాటా గొలుసు చప్పుడైంది. అతను పలక ఒళ్లో బోర్లా పెట్టుకున్నాడు.*

అచ్చుతప్పు
పలక బోర్లా పెట్టడం చాలు, దాని కింద ఇంకేమీ రాయకండి. "అతను" అని మార్చారు, చాలా తేడా వచ్చింది.

కరీంనగర్_కలం
"నిన్నటి కోపం" మాట బాగుంది. ఆమెదే అనిపిస్తున్నది, మీది అనిపిస్తలేదు.

చుక్కలముగ్గు
చీర ఏదో చూసుకోండి. నూలు చీరైతే ముడి రోజంతా నిలుస్తుంది. పాలిస్టరైతే జారి సాయంత్రానికి వదులైపోతుంది, రెండు మెలికలు వెయ్యాల్సొస్తుంది. పనికి పాలిస్టరు కట్టుకునేవాళ్లే ఎక్కువ. రెండో మెలిక రాయండి, మాస్టారి వేళ్లకి అది కూడా తగలాలి.